సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొన్నా, ముందు ఓనర్ పెట్టించిన ఫిట్టింగులు చూస్తే భయమేస్తోంది. ఏది పీకాలి, ఏది ఉంచాలి?

#1 కూకట్‌పల్లి_కిట్టు
పది రోజుల కింద ఒక కార్ కన్సల్టెన్సీలో 2016 స్విఫ్ట్ వీడీఐ తీసుకున్నా. ఇంజిన్ బాగుంది, 68 వేల కిలోమీటర్లు తిరిగింది, సర్వీస్ రికార్డు మొత్తం ఉంది. ముందు ఓనర్ కుర్రాడు మాత్రం బండిని పెళ్ళికొడుకులా ముస్తాబు చేశాడు. 17 ఇంచుల అల్లాయ్స్, హెడ్‌లైట్లలో ఎల్ఈడీ బల్బులు, అద్దాలన్నిటికీ నల్ల ఫిల్మ్, ముందు ఇనప పైపుల బుల్ గార్డ్, లారీ హారన్, వెనక మోచెయ్యి పట్టేంత సైలెన్సర్. బండి రంగు మ్యాట్ గ్రే. ఆర్సీ తీసి చూస్తే వైట్ అని ఉంది. అప్పటికే డబ్బు కట్టేశా.

నిన్న జేఎన్టీయూ దగ్గర కానిస్టేబుల్ ఆపి ఫోటో కొట్టాడు. అద్దాలకి చలాన్ వస్తుందన్నాడు. "మిగతావి ఎవరైనా సార్ చూస్తే చెప్తార్లే" అని ఒక నవ్వు నవ్వాడు. చలాన్ సంగతి సరే, ఆ నవ్వుకే నిద్ర పట్టట్లేదు.

బండి ఇంకా నా పేరు మీదికి మారలేదు. కన్సల్టెన్సీ వాళ్ళనడిగితే "హైదరాబాద్ మొత్తం ఇట్లనే తిరుగుతుంది సార్" అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 స్టెప్నీ_శీను
పెళ్ళికొడుకు కాదన్నా, బోనాల పోతరాజు.

#3 లైట్‌తీస్కో_భయ్యా
ఎందుకన్నా పరేషాన్? నా బండికి నాలుగేళ్ళ నుంచి ఫిల్మ్ ఉంది, హారన్ ఉంది. ఏడాదికి రెండు చలాన్లు వస్తయి, లోక్ అదాలత్ టైములో కట్టేస్తా. నడుస్తది.

#4 ఖైరతాబాద్_కాకా
#3 తమ్మీ, నీకు నడుస్తది, ఆయనకు నడ్వదు. నీ బండి నీ పేరు మీదుంది, ఆయనది ఇంకా మారాలె.

కిట్టూ, ఆర్టీఏ ఆఫీసుల ముంగట ముప్ఫై ఏండ్లు కాగితాలు నింపిన. ఒక్క లెక్క చెప్త యాద్ పెట్టుకో. ఆర్సీ పక్కన పెట్టుకొని బండి ముంగట నిలబడు. ఆర్సీల ఏం రాసి ఉందో బండి గట్లనే ఉండాలె. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, రంగు, సీట్లు, ఫ్యూయల్, బాడీ టైపు. వీటిల ఒక్కటి మారినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తది. ముందు పర్మిషన్ తీసుకోవాలె, మార్చినంక 14 రోజుల్ల చెప్పి ఆర్సీల ఎక్కించుకోవాలె. లోన్ ఉన్న బండి అయితే ఫైనాన్స్ వాళ్ళ కాగితం గూడ అడుగుతరు.

నీ లిస్టుల ఆర్సీతోని కొట్లాడేది రంగు ఒక్కటే. మిగిలినయి వేరే రూల్స్ కిందికి వస్తయి, అవి ఇంకొకరు చెప్తరు. నాకు బల్బుల సంగతి ఎర్క లేదు.

#5 కూకట్‌పల్లి_కిట్టు
#4 కాకా, అది పెయింట్ కాదు, స్టిక్కర్ ర్యాప్. డోర్ అంచు దగ్గర గోరుతో లేపితే లోపల తెలుపు కనిపిస్తోంది. ర్యాప్‌కి కూడా పర్మిషన్ కావాలా?

#6 ఖైరతాబాద్_కాకా
పోలీసాయన ఆర్సీల తెలుపు చూసి, బయట గ్రే చూస్తడు. అది స్టిక్కరా పెయింటా అని గోరు పెట్టి గీకి చూస్తడా? రంగు నీకు గంత పసందైతే ట్రాన్స్‌పోర్ట్ వెబ్‌సైట్‌ల ఆల్టరేషన్ అని ఉంటది, స్లాట్ తీసుకొని బండి చూపెట్టి రంగు మార్పించుకో. లేకుంటే పీకెయ్. ఇంకోటి, ఎవడన్న మిలిటరీ పచ్చ ర్యాప్ వేయించుకుందాం అనుకుంటే ఆ మాటే మర్చిపోవాలె. ఆ ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే, కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌ల రూల్ 121.

#7 స్టెప్నీ_శీను
మా కాలనీలో ఒకడు ఆలివ్ గ్రీన్ జీపు వేసుకుని రోజూ పాల ప్యాకెట్లకి వెళ్తాడు. శత్రు సరిహద్దు ఎక్కడో మరి.

#8 డీజిల్_బాబాయ్
టైర్ల సంగతి నేను చెప్తా, నా పిచ్చి అదే కాబట్టి.

ఆ మోడల్ స్విఫ్ట్ వీడీఐకి కంపెనీ ఇచ్చిన సైజు 165/80 ఆర్14. అదే బండి టాప్ వేరియంట్ జెడ్‌డీఐకి 185/65 ఆర్15. లెక్కేస్తే మొదటిదాని మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు, రెండోది 621.5. అంటే మీటర్ తేడా రాదు, చక్రం పైనుండే ఆర్చ్‌కి తగలదు, సస్పెన్షన్‌కి కొత్త భారం లేదు. ఒకే మోడల్‌లో పై వేరియంట్ సైజుకి వెళ్ళడం అందరికంటే సేఫ్ దారి.

నీ 17 ఇంచుల మీద టైర్ సైజు ఎంతో చెప్పు. 205/50 అని నా ఊహ.

#9 కూకట్‌పల్లి_కిట్టు
బాబాయ్, కరెక్ట్. 205/50 ఆర్17. ఫుల్లుగా స్టీరింగ్ తిప్పితే లోపల గర్‌ర్‌మంటుంది.

#10 డీజిల్_బాబాయ్
అదే చెప్పబోయా. దాని ఎత్తు 637 దాకా వస్తుంది. మీటర్ 100 చూపిస్తే నువ్వు నిజానికి 103 మీద ఉంటావు. అది పెద్ద విషయం కాదు. అసలు విషయం టైర్ పక్క గోడ. నీ ఒరిజినల్ టైర్‌కి రిమ్ము నుంచి రోడ్డు దాకా 132 మిల్లీమీటర్ల రబ్బరు. ఇప్పుడు 102. మూడు సెంటీమీటర్ల మెత్తదనం పోయింది. నిజాంపేట రోడ్డు మీద వానాకాలం నీళ్ళు నిండిన గుంతలో దిగితే ఆ మూడు సెంటీమీటర్ల దెబ్బా నేరుగా రిమ్ముకి తగులుతుంది. మా అన్నకొడుకు ఇలాగే రిమ్ము వంకర చేసుకుని, దాన్ని సుత్తితో సాపు చేయించి, ఆరు నెలలు ఎనభై దాటితే స్టీరింగ్ ఊగే బండి నడిపాడు.

ఆ గర్‌ర్ వచ్చే చోట వేలు పెట్టి తడుము. చక్రం చుట్టూ ఉండే ప్లాస్టిక్ లైనర్ అరిగిందా, టైర్ లోపలి భుజం కోసుకుపోతోందా చూడు. కోసుకుపోతుంటే మాత్రం రేపే ఆపెయ్, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకు.

టైర్ కొనేటప్పుడు సైజు పక్కన 88హెచ్ లాంటి అంకె ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది వేయించుకోవద్దు. షాపువాడు ఆ అంకె గురించి నోరు విప్పడు.

#11 ఓఆర్ఆర్_రాజు
ఎల్ఈడీ బల్బులు మాత్రం ఉంచుకో బ్రో. హాలోజెన్ ఆమదం దీపంలా ఉంటుంది. నేను శంషాబాద్ నుంచి ఔటర్ మీద రోజూ వస్తా, ఎల్ఈడీ లేకపోతే ఏమీ కనపడదు.

#12 రాత్రిడ్యూటీ_నర్స్
#11 మీకు కనపడుతుంది. ఎదురొచ్చే నాకు కనపడదు. రాత్రి డ్యూటీ దిగి స్కూటీ మీద ఉప్పల్ నుంచి బోడుప్పల్ వెళ్ళేదాన్ని. మీలాంటి లైట్లు ఎదురైతే రెండు సెకన్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. పోయిన శ్రావణంలో అట్లాగే డివైడర్ రాయి ఎక్కేశాను. మణికట్టుకి ప్లేటు వేశారు.

#13 ఓఆర్ఆర్_రాజు
అయ్యో సారీ అక్కా. కానీ నేను లో బీమ్‌లోనే నడుపుతా.

#14 బల్బు_బ్రహ్మం
లో బీమ్‌లో పెట్టినా అంతే రాజూ. తప్పు నీది కాదు, ఆ బల్బు కూర్చున్న చోటుది.

పాత స్విఫ్ట్ హెడ్‌లైట్ రిఫ్లెక్టర్ టైపు, బల్బు హెచ్4. అందులో రెండు తీగలు. లో బీమ్ తీగ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు కిందికి పోకుండా ఆ గిన్నె ఆపుతుంది, పైకి పోయిన వెలుగు రిఫ్లెక్టర్‌కి తగిలి రోడ్డు మీద పడుతుంది. వెనక అద్దపు గిన్నె వంపంతా ఆ తీగ ఎక్కడుందో దాన్ని బట్టే గీసి తయారు చేస్తారు. ఆ చోట రెండు పక్కలా చిప్స్ అంటించిన ఎల్ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటే మారిపోతుంది. రిఫ్లెక్టర్‌కి అది తెలియదు కదా, దాని పాటికి అది చిమ్ముతుంది.

నమ్మకపోతే రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకి ఎదురుగా పాతిక అడుగుల దూరంలో బండి పెట్టు. లో బీమ్ వెయ్యి. హాలోజెన్ అయితే గోడ మీద ఒక గీత కనపడుతుంది, పైన చీకటి, కింద వెలుగు. ఎడమ పక్క ఆ గీత కొంచెం పైకి లేస్తుంది. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి ఫుట్‌పాత్ మీద మనిషి కనపడాలని అట్లా చేస్తారు. అదే చోట ఎల్ఈడీ పెడితే గీత ఉండదు, పైకంటా తెల్లటి పొగ కొట్టినట్టు ఉంటుంది. ఆ పొగే ఎదుటివాడి కళ్ళలో పడేది.

కంపెనీ నుంచే ఎల్ఈడీతో వచ్చిన బండ్ల సంగతి వేరు. వాటి దీపం మొత్తం దానికోసమే కట్టింది.

#15 ఓఆర్ఆర్_రాజు
ఇప్పుడే సెల్లార్‌లోకి వెళ్ళి చూసొచ్చా. పొగే ఉంది. వాచ్‌మన్ వచ్చి "సార్, సినిమా వేస్తున్నారా" అన్నాడు.

సరే, 100 వాట్ల హాలోజెన్ వేసుకోవచ్చా మరి?

#16 బల్బు_బ్రహ్మం
కంపెనీ ఇచ్చేది 60/55 వాట్లు. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. 100 వాట్లయితే 8 దాటుతుంది, రెండు దీపాలకి కలిపి 16 పైన. ఆ సన్నటి వైరు, ఆ స్టీరింగ్ పక్క స్విచ్చు ఇంత కరెంటుకి పుట్టలేదు. హోల్డర్ పసుపుపచ్చగా మారి, తర్వాత ముద్దవుతుంది. చట్టం కూడా ఒప్పుకోదు. ముందు నీ హెడ్‌లైట్ గ్లాసు పాలిష్ చేయించు, మంచి కంపెనీ 60/55 బల్బులు వేయించు, ఎత్తు సరి చేయించు. సగం బండ్లకి ఆమదం దీపం అనిపించేది పచ్చబడిన గ్లాసు వల్లే.

#17 లైట్‌తీస్కో_భయ్యా
ఫిల్మ్ మీద ఒక డౌట్. కేరళ హైకోర్టు ఫిల్మ్ వేసుకోవచ్చు అందంట కదా? వాట్సాప్‌లో వచ్చింది. మరి ఇక్కడ ఎందుకు పీకుతున్నారు?

#18 సివిల్_సర్కిల్
సగం నిజం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏ శాతం ఫిల్మ్ అయినా వద్దంది. అప్పటి రూల్ 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు లోపలికి రావాలి. అదీ అద్దం తయారీలోనే ఉండాలి, తర్వాత అంటించడం కాదు. ఆ తర్వాత రూల్‌ని సవరించి సేఫ్టీ గ్లేజింగ్ (లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ఇందులోకి వస్తుంది) అనే మాట చేర్చారు. దాన్ని చూపించే 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు, ప్రమాణాలకు తగ్గ ఫిల్మ్ అయ్యి, అదే 70, 50 శాతానికి తగ్గకుండా వెలుగు వదిలితే జరిమానా వేయొద్దంది.

అంటే నీ ఫిల్మ్ 50 శాతం వెలుగు వదిలే సర్టిఫైడ్ సరుకు అయితే వాదించొచ్చు. నువ్వు వేయించింది అదేనా?

#19 లైట్‌తీస్కో_భయ్యా
నాది మధ్యాహ్నం కూడా లోపల ఎవరున్నారో కనపడనిది.

#20 సివిల్_సర్కిల్
అయితే నీ కేసు కేరళలో వేసినా ఓడిపోతావు. ఇక్కడ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడి కోర్టు తీర్పు చదివి వినిపించే ఓపిక నీకుందా చెప్పు.

#21 స్టెప్నీ_శీను
వెనకాల రెడ్ సిగ్నల్ గ్రీన్ అయ్యి, నూట ఇరవై హారన్లు మోగుతుంటే పేరా 14 చదువుతాడు.

#22 మూడుచక్రాల_మనసు
మేలో 42 డిగ్రీలుంటే ఫిల్మ్ లేకుండా పిల్లలతో ఎట్లా అండీ? అది కూడా చెప్పండి ఎవరైనా.

#23 డీజిల్_బాబాయ్
ఎండలో పార్క్ చేసినప్పుడు ముందద్దానికి లోపల నుంచి వెండి రంగు షీట్ పెట్టు. మాగ్నెట్ కర్టెన్లు నిలబెట్టినప్పుడు వాడు, నడిపేటప్పుడు తీసెయ్. బయల్దేరేముందు అద్దాలు రెండు నిమిషాలు దించి వేడి గాలి పోనిచ్చాక ఏసీ వెయ్యి. ఫిల్మ్ అంత చల్లగా ఉండదు, ఒప్పుకుంటా.

#24 సర్వే_సుబ్బయ్య
అందరూ చలాన్ల గురించే మాట్లాడుతున్నారు. నేను ఇన్సూరెన్స్ క్లెయిములకు బండ్లు చూసే పని చేస్తానండి. చలాన్ చిన్న ఖర్చు. క్లెయిము దగ్గర ఇరుక్కుంటే లక్షలు.

ఒక సంగతి చెప్తాను. ఊరు, పేరు వద్దులెండి. రాత్రి ఇంటి ముందు పెట్టిన బండి కాలిపోయింది. ఓనరు నిద్రలో ఉన్నాడు, ఎవరి మీదా అనుమానం లేదు. నేను వెళ్ళేసరికి బానెట్ కింద కుడి పక్క మొత్తం బూడిద, ఎడమ పక్క ఒక ప్లాస్టిక్ డబ్బా ఇంకా పేరు చదవగలిగేలా ఉంది. అంటే మంట కుడి పక్క పుట్టిందని. అక్కడేముంది? బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ఎర్ర వైరు, దాని చివర లారీ హారన్ ముద్ద. ఎక్కువ కరెంటుని మోసే రిలే స్విచ్చు లేదు, ఫ్యూజు లేదు. రెండు వైర్లు మెలేసి టేపు చుట్టారు. ఆ టేపు వేసవి వేడికి జారి, రాగి తీగ బాడీ రేకుకి రాసుకుంది. ఫ్యూజు ఉంటే పది రూపాయలది కాలిపోయేది. అది లేదు కాబట్టి బండి కాలింది.

ఓనరుని అడిగితే "డెకర్ షాపులో పెట్టించానండి, బిల్లు ఇవ్వలేదు" అన్నాడు. పాలసీలో ఆ ఫిట్టింగు ఊసే లేదు. అలాంటిది వచ్చినప్పుడు కంపెనీ తిరస్కరించొచ్చు, లేదా నాన్ స్టాండర్డ్ (షరతులు పూర్తిగా పాటించని క్లెయిము) కింద కోత పెట్టి 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ కోతకి కూడా ఆయన ఏడాదిన్నర తిరిగాడు.

కిట్టు గారూ, మీరు ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. బండి చేతులు మారాక 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టాలి. ఎదుటివాడికి జరిగే నష్టం వరకు పాలసీ దానంతటదే మీకు వస్తుంది. మీ సొంత బండి డ్యామేజీకి రాదు. మీరు కొని పది రోజులు అన్నారు. అంటే నాలుగు రోజులుంది.

ఉంచుకోదలిచిన ఎలక్ట్రికల్ ఫిట్టింగ్ ఏదైనా ఉంటే పాలసీలో ఎక్కించుకోండి. దాని విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం, అంతే. ఇరవై వేల సిస్టమ్‌కి 800 రూపాయలు.

#25 కూకట్‌పల్లి_కిట్టు
#24 సార్, ఇది చదివి కిందికెళ్ళి బానెట్ ఎత్తి చూశా. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక ఎర్ర వైరు ఉంది. టేపు చుట్టి ఉంది. ఫ్యూజు కనపడట్లేదు. ఏం చెయ్యను?

#26 సర్వే_సుబ్బయ్య
ముందు బ్యాటరీ మైనస్ వదులు చెయ్యండి, తర్వాత ఆ ఎర్ర వైరు ప్లస్ నుంచి తీసి చివర టేపు చుట్టండి. 10 నంబర్ స్పానర్ చాలు. ఇప్పుడే. భోజనం తర్వాత కాదు.

#27 కూకట్‌పల్లి_కిట్టు
తీసేశా. మా ఆవిడ టార్చి పట్టుకుంది. టేపు ముట్టుకుంటే జిగురు జిగురుగా వేళ్ళకి అంటుకుంది.

#28 గ్యాస్‌కిట్_గంగాధర్
నేను సీఎన్‌జీ బయట పెట్టించాను, మొత్తం లీగల్‌గానే. ఆమోదం ఉన్న కిట్, ఫిట్టింగ్ సెంటర్ సర్టిఫికెట్, ఆర్టీఏలో బండి చూపించి ఆర్సీలో పెట్రోల్ పక్కన సీఎన్‌జీ ఎక్కించుకున్నాను, పాలసీలో కూడా. థర్డ్ పార్టీ ప్రీమియం 60 రూపాయలు పెరిగింది. మూడేళ్ళకోసారి సిలిండర్‌కి నీళ్ళ ఒత్తిడితో చేసే హైడ్రో టెస్ట్. ఒకసారి ఆ తేదీ దాటిపోయిందని బంకులో గ్యాస్ కొట్టనన్నాడు, అప్పుడు ఒళ్ళు మండింది, ఇప్పుడు అతనే కరెక్ట్ అనిపిస్తుంది. డిక్కీ పోయింది, అదొక్కటే బాధ. ఊరెళ్తే బియ్యం మూట మా అత్తగారి ఒళ్ళో.

#29 ఎడమకాలు_ఏకాంబరం
మార్పులన్నీ నేరం అన్నట్టు మాట్లాడకండి. నాకు చిన్నప్పుడు పోలియో. నా బండిలో బ్రేకు, యాక్సిలరేటర్ చేత్తో నొక్కే లివర్ పెట్టించుకున్నాను. ఆర్టీఏలో చూపించి, ఇన్‌స్పెక్టర్ పక్క సీట్లో కూర్చుని ఒక రౌండ్ తిరిగి, ఆర్సీలో అడాప్టెడ్ వెహికిల్ అని రాశారు. సెక్షన్ 52లోనే దానికి దారి పెట్టారు. ఆ రోజు ఆ ఇన్‌స్పెక్టర్ లివర్‌ని మూడుసార్లు లాగి చూసి, ఒక బోల్టు వదులుగా ఉందని బిగించుకుని రమ్మని వెనక్కి పంపాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ బోల్టు గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకి దండం పెట్టాలనిపిస్తుంది.

#30 ఖైరతాబాద్_కాకా
#29 గట్లాంటి బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ఉంటరు. ఉండరని కాదు.

పదిహేనేండ్లు నిండినంక ఆర్సీ రెన్యువల్‌కు పోతే గూడ గిట్లనే చూస్తరు. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీస్తరు. ఒకాయన అండర్ కోటింగ్ కొట్టించిండు, నల్లటి తారు నంబర్ మీద గూడ పడ్డది. పెన్సిల్ ఎంత రుద్దినా ఏం రాలే. కిరసనాయిలు బట్టతోని గంట సేపు తుడిచిండు పాపం, కొత్త చొక్కా.

#31 నంబర్‌ప్లేట్_నాగు
2024 మార్చి నుంచి కొత్త బండ్ల నంబర్లకి టీఎస్ బదులు టీజీ వచ్చింది కదా. మా బావ టీఎస్ ప్లేటు మీద ఎస్ చెరిపి జీ స్టిక్కర్ అంటించాడు. తెలంగాణ మీద ప్రేమట. ఇది మోడిఫికేషన్ కిందికి వస్తుందా?

#32 సివిల్_సర్కిల్
అది మోడిఫికేషన్ కాదు, ట్యాంపరింగ్. పాత టీఎస్ నంబర్లు అట్లాగే చెల్లుతాయి. హై సెక్యూరిటీ ప్లేటు మీద గోరు కూడా పెట్టొద్దను మీ బావని.

#33 డీజిల్_బాబాయ్
బుల్ గార్డ్ గురించి ఎవరూ చెప్పలేదు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది, అవి పెట్టిన బండ్ల మీద చర్యలు తీసుకోమని. బంపర్ నలగడానికే ఉంది. నలిగితే దెబ్బ మింగుతుంది. ఇనప పైపు నలగదు, ఆ దెబ్బ ఛాసిస్‌కి, నీకూ పంచుతుంది. ఎదురుగా మనిషి ఉంటే వాడికి ఇనుమే తగిలేది. నీది ఆప్షనల్ వేరియంట్ అయితే ఎయిర్‌బ్యాగులుంటాయి, స్టీరింగ్ మీద రాసి ఉంటుంది చూడు. ఉంటే బ్యాగ్ తెరుచుకునే టైమింగ్ కూడా గడబిడ అవుతుంది.

సైలెన్సర్ ఒరిజినల్ అడుగు, ఆ కుర్రాడి ఇంట్లో అటక మీద ఉంటుంది. వీళ్ళు పారెయ్యరు.

#34 లైట్‌తీస్కో_భయ్యా
ఇవన్నీ పీకితే ఇంక కారులో మిగిలేదేంది?

#35 స్టెప్నీ_శీను
కారు.

#36 సివిల్_సర్కిల్
#34 జరిమానా లెక్క కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో సెక్షన్ 182ఏ అని పెట్టారు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కోదానికి అని గమనించు. 2019లో పెంచిన చలాన్ రేట్లు తెలంగాణ అప్పట్లో అమలు చేయలేదు కాబట్టి జనం తేలిగ్గా తీసుకుంటున్నారు. చట్టంలో మాత్రం ఆ సెక్షన్ ఉంది.

#37 కూకట్‌పల్లి_కిట్టు
వారం తర్వాత అప్‌డేట్.

పాలసీకి పదమూడో రోజు అర్జీ పెట్టా, రసీదు వచ్చింది. ఆర్సీ పేరు మార్పుకి ఫారం 29, 30 కూడా ఇచ్చేశా. హారన్ పోయింది, ఒరిజినల్ హారన్ గ్రిల్ వెనకే ఊడదీయకుండా ఉంది, కప్లర్ పెడితే మోగింది. అలవాటు పోయి మొదటిసారి విన్నప్పుడు మేకపిల్లలా అనిపించింది. సైలెన్సర్ బాబాయ్ చెప్పినట్టే ఆ కుర్రాడి ఇంట్లో అటక మీద దొరికింది, వాళ్ళమ్మగారు చాయ్ ఇచ్చి మరీ "తీసుకుపో నాయనా" అన్నారు. ఎయిర్‌బ్యాగులు లేవు, అయినా సరే బుల్ గార్డ్ తీయించేశా. 185/65 ఆర్15 టైర్లు వేయించా.

ఫిల్మ్ నేనూ తమ్ముడూ హెయిర్ డ్రైయర్ పెట్టి పీకాం. వెనక అద్దం జిగురు రెండు ఆదివారాలు తినేసేలా ఉంది.

ర్యాప్ తీస్తే మాత్రం కథ తిరిగింది. కుడి వెనక డోరు, దాని పక్క క్వార్టర్ ప్యానెల్ తెలుపు వేరే తెలుపు. వేలితో కొడితే మిగతా చోట టంగుమంటుంది, అక్కడ డబ్బుమంటుంది. లప్పం.

#38 సర్వే_సుబ్బయ్య
ర్యాప్ ఎందుకు వేశారో ఇప్పుడు తెలిసింది. డోర్ రబ్బరు బీడింగ్ లాగి స్పాట్ వెల్డ్ గుర్తులు చూడండి. గుండ్రంగా వరసగా ఉంటే దెబ్బ డోరు పైరేకుకే తగిలిందని. కరుకుగా, మళ్ళీ అతికినట్టుంటే ఫోటో పెట్టండి.

#39 కూకట్‌పల్లి_కిట్టు
చూశాను సార్. గుండ్రంగానే ఉన్నాయి, వరస తప్పలేదు. ఊపిరి పీల్చుకున్నా.

17 ఇంచుల అల్లాయ్స్ నాలుగూ బాల్కనీలో ఉన్నాయి. మా ఆవిడ తులసి కోట పక్కన పెట్టనివ్వట్లేదు.

#40 లైట్‌తీస్కో_భయ్యా
రేటెంత చెప్తున్నవ్ అన్నా?